పాత కారుకు రివర్స్ సెన్సార్లు పెట్టిస్తున్నారా..? బంపర్‌కు డ్రిల్ పెట్టేముందు ఇవి తెలుసుకోండి!

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పిల్లర్ పక్కన కారు రివర్స్ చేయాలంటే ఇప్పటికీ చాలామందికి చెమటలు పడతాయి. వెనకాల ఎవరో ఒకరు నిలబడి 'రానీ.. రానీ.. ఆపు' అనాల్సిందే. ఆ 'ఆపు' ఒక్క సెకను ఆలస్యమైతే బంపర్ సంగతి అంతే. కొత్త కార్లలో ఈ గొడవ తగ్గింది. 2019 జూలై 1 నుంచి మన దేశంలో ప్యాసింజర్ కార్లకు రివర్స్ పార్కింగ్ హెచ్చరిక వ్యవస్థ తప్పనిసరి అయింది. సీట్ బెల్ట్ రిమైండర్, 80 కిలోమీటర్లు దాటితే మోగే స్పీడ్ అలారం కూడా అదే నిబంధనతో వచ్చాయి. మరి అంతకుముందు కొన్న కార్ల పరిస్థితి ఏంటి? బయట మార్కెట్‌లో సెన్సార్ కిట్ కొని పెట్టించుకోవడమే దారి.

ఈ అవసరం ఎక్కువగా ఉండేది వెనుక భాగం పొడవుగా ఉన్న బండ్లకే. టాటా ఇండిగో మెరీనా, స్కోడా ఆక్టేవియా కాంబి గుర్తున్నాయా? సెడాన్ డిక్కీ తీసేసి, రూఫ్‌ను చివరిదాకా లాగితే ఎలా ఉంటుందో అలా ఉండే ఎస్టేట్ కార్లు. మన దగ్గర పెద్దగా అమ్ముడుపోలేదు కానీ, ఉన్నవాళ్లు మాత్రం వదలడం లేదు. పాత ఎర్టిగా, ఇన్నోవాలదీ ఇదే కథ. మూడో వరుస సీట్లో మనుషులో, పైదాకా సామానో ఉంటే లోపలి అద్దంలో వెనక అద్దం కనిపించదు. ఇక కింద ఏముందో అస్సలు తెలియదు.

అసలు ఎలా పనిచేస్తుంది?

బంపర్ మీద రూపాయి బిళ్లంత కనిపించే ఆ గుండ్రటి ముక్క ఒకేసారి స్పీకర్, మైక్ రెండూ. సుమారు 40 కిలోహెర్ట్జ్ శబ్దాన్ని వదులుతుంది. మనిషి చెవి వినగలిగేది 20 కిలోహెర్ట్జ్ వరకే కాబట్టి మనకు వినిపించదు. ఆ శబ్దం వెనక గోడకు తగిలి తిరిగి వస్తుంది. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు వెళ్తుంది కదా.. గోడ మీటరున్నర దూరంలో ఉంటే వెళ్లి రావడానికి సెకనులో వందో వంతు కూడా పట్టదు. ఎంతసేపట్లో తిరిగొచ్చిందో లెక్కగట్టి, కంట్రోల్ బాక్స్ దూరం తేలుస్తుంది. దగ్గరయ్యే కొద్దీ బీప్‌లు వేగంగా మోగుతాయి. దాదాపు 30 సెంటీమీటర్లకు వచ్చేసరికి ఆగకుండా ఒకటే మోత.

అంతకంటే దగ్గరైతే చాలా కిట్‌లు సరిగ్గా చెప్పలేవు. శబ్దం వదిలిన తర్వాత సెన్సార్ తాలూకు కంపనం ఆగకముందే ప్రతిధ్వని వచ్చేస్తుంది కాబట్టి రెండూ కలిసిపోతాయి. అందుకే మోత ఆగకుండా వచ్చిందంటే 'ఇంకొంచెం ఉందిలే' అనుకోకూడదు. ఆపేయాలి.

ఇక్కడ చాలామంది పట్టించుకోని లెక్క ఒకటుంది. గంటకు 5 కిలోమీటర్ల వేగంతో రివర్స్ చేస్తే కారు సెకనుకు దాదాపు 1.4 మీటర్లు వెనక్కి వెళ్తుంది. అంటే మీటరున్నర దూరంలో బీప్ మొదలైతే బ్రేక్ తొక్కడానికి మీకున్నది సెకను కాస్త పైన. అదే 10 కిలోమీటర్ల వేగంతో వస్తే అర సెకనే. బీప్ విని, కాలు బ్రేక్ మీదకు వెళ్లేలోపు పని అయిపోతుంది. సెన్సార్లు ఉన్నాయి కదా అని స్పీడుగా రివర్స్ చేసేవాళ్లకు అవి ఉన్నా లేనట్టే.

రంధ్రం ఎక్కడ వేయాలి.. అసలు కిటుకు ఇక్కడే

కిట్‌లో సాధారణంగా నాలుగు సెన్సార్లు, ఒక కంట్రోల్ బాక్స్, బజర్ లేదా చిన్న డిస్‌ప్లే, రంధ్రం వేసే గుండ్రటి కట్టర్ ఉంటాయి. రంధ్రం సైజు చాలా కిట్‌లకు 22 మిల్లీమీటర్లు. కానీ అన్నింటికీ ఒకటే కాదు. కిట్‌తో వచ్చిన కట్టర్‌నే వాడమని మెకానిక్‌కు చెప్పండి. షాపులో ఉన్న పాత కట్టర్‌తో వేస్తే ఒక్క మిల్లీమీటర్ తేడా వచ్చినా సెన్సార్ వదులై, గుంతల రోడ్డు మీద ఊడిపోతుంది.

ఎత్తు నేల నుంచి 50 నుంచి 65 సెంటీమీటర్ల మధ్య ఉండాలి. మరీ కిందకు పెడితే నేలనే అడ్డంకి అనుకుని ఊరికే మోగుతుంది. మరీ పైకి పెడితే చిన్న గోడలు, రాళ్లు కనిపించవు. చివరి సెన్సార్లు రెండూ బంపర్ మూలలకు దగ్గరగా, మధ్యవి రెండూ సమాన దూరంలో రావాలి. కంటి అంచనాతో కాకుండా టేపుతో కొలిచి, మాస్కింగ్ టేప్ అతికించి, పెన్నుతో గుర్తులు పెట్టాకే డ్రిల్ పట్టుకోనివ్వండి. తప్పు చోట పడిన రంధ్రాన్ని పూడ్చాలంటే బంపర్ మొత్తానికి పెయింట్ వేయించాల్సిందే.

ఎస్టేట్ కార్లు, ఏడు సీట్ల బండ్ల విషయంలో మరో చిక్కుంది. ఖాళీగా ఉన్నప్పుడు కొలిచిన ఎత్తు, ఊరెళ్లేటప్పుడు ఉండదు. వెనక బియ్యం బస్తాలు, సూట్‌కేసులు పెట్టగానే తోక కిందకు దిగుతుంది. ఎత్తు తగ్గడమే కాదు, సెన్సార్ ముఖం కూడా కాస్త నేల వైపు వాలుతుంది. ఖాళీ బండికి బ్రహ్మాండంగా పనిచేసిన కిట్ సంక్రాంతి ప్రయాణంలో ఆగకుండా మోగడానికి కారణం ఇదే. కాబట్టి ఇలాంటి బండ్లకు పైన చెప్పిన ఎత్తులో పై అంచు దగ్గరే పెట్టించడం మేలు. బంపర్ ఏటవాలుగా ఉంటే సెన్సార్ కింద పెట్టే వాలు రింగులు దొరుకుతాయి, అవి వాడాలి. సెన్సార్ వెనక 'పైకి' అని బాణం గుర్తు ఉంటుంది. దాన్ని తలకిందులుగా పెట్టి, 'కిట్ బాలేదండీ' అనే మెకానిక్‌లూ ఉన్నారు!

డ్రిల్ పెట్టేముందు బంపర్ వెనక ఏముందో కింద నుంచి టార్చ్ వేసి చూడాలి. చాలా కార్లకు ప్లాస్టిక్ వెనకాల ఇనుప బీమ్ ఉంటుంది. సరిగ్గా అక్కడ రంధ్రం పడితే సెన్సార్ లోపలికి దూరదు. సీఎన్‌జీ బండి అయితే ఇంకా జాగ్రత్త. గ్యాస్ పైపు, సిలిండర్ బ్రాకెట్లు వెనకాలే ఉంటాయి. డిక్కీ ఫ్లోర్‌కు కొత్త రంధ్రం వేస్తానంటే ఒప్పుకోవద్దు. ఫ్లోర్‌లో కంపెనీ ఇచ్చిన రబ్బర్ బిరడాలు ఉంటాయి, వాటిలోంచే వైర్ లోపలికి తీసుకోవచ్చు. తర్వాత సీలెంట్ పూయకపోతే వానాకాలంలో స్టెప్నీ గుంతలో నీళ్లు చేరతాయి.

వెనక ఇనుప గార్డ్ బిగించిన బండికి సెన్సార్లు పెడితే? ఆ గార్డ్‌నే గోడ అనుకుని మోగుతుంది. రెండింట్లో ఏదో ఒకటి ఎంచుకోవాలి. తోక డోర్‌కు స్టెప్నీ తగిలించి ఉండే ఎస్‌యూవీల్లో మరో సమస్య. బంపర్ కంటే టైరే ముందు తగులుతుంది కాబట్టి బీప్ చెప్పే దూరంలోంచి టైర్ మందాన్ని మనమే తీసేసుకోవాలి.

కరెంట్ ఎక్కడి నుంచి?

రివర్స్ గేర్ వేయగానే వెలిగే తెల్ల లైటు నుంచే. గేర్ పడితే కరెంట్ వస్తుంది, సెన్సార్ ఆన్ అవుతుంది. చాలా బండ్లలో రివర్స్ లైటు ఒకవైపే ఉంటుంది, ముందు అది చూసుకోవాలి. టెస్ట్ ల్యాంప్‌తో వైర్ నిర్ధారించుకోకుండా బ్రేక్ లైటు వైర్‌కు కలిపేస్తే సిగ్నల్ దగ్గర బ్రేక్ తొక్కిన ప్రతిసారీ బీప్ బీప్.

ఎస్టేట్ కార్లలో రివర్స్ లైటు తోక డోర్ మీద ఉంటే, ఆ డోర్‌లోంచి కొత్త వైర్ లాగడం మంచిది కాదు. డోర్ తీసి వేసిన ప్రతిసారీ వంగి వంగి, కొన్నాళ్లకు లోపల తెగిపోతుంది. అదే వైర్ కారు బాడీలోంచి వచ్చే చోట పట్టుకుని కలపాలి. జాయింట్‌ను నల్ల టేపు చుట్టి వదిలేయనివ్వకండి. మన ఎండలకు ఆ టేపు జిగురు కరిగి జారిపోతుంది. సోల్డర్ చేసి, వేడికి ముడుచుకునే స్లీవ్ వేయమనండి. పది నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే.

ఆక్టేవియా లాంటి యూరోపియన్ బండ్లలో కథ వేరు. వీటిలో కంప్యూటర్ బల్బులను కూడా గమనిస్తూ ఉంటుంది. మధ్యలో కొత్త లోడ్ తగిలిస్తే డ్యాష్‌బోర్డ్ మీద బల్బ్ ఎర్రర్ రావచ్చు, లేదంటే సెన్సార్ ఆగి ఆగి పనిచేయొచ్చు. రిలే పెట్టి విడిగా ఫ్యూజ్ ఉన్న లైన్ నుంచి కరెంట్ ఇస్తే ఈ బాధ ఉండదు. ఆ పని తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరకే వెళ్లాలి. సీట్ కవర్లు వేసే కుర్రాడితో అయ్యే పని కాదిది.

కంట్రోల్ బాక్స్‌ను డిక్కీ ఫ్లోర్ మీద కాకుండా పక్క ప్యానెల్ వెనక పెట్టాలి. సామాను తగిలి వైర్లు ఊడవు. సెడాన్‌లో బజర్‌ను డిక్కీలో పడేస్తే వినిపించదు. ఎస్టేట్‌లో డిక్కీ, క్యాబిన్ ఒకటే కాబట్టి వినిపిస్తుంది అనుకుంటారు. కానీ సామాను నింపి, ఏసీ, పాటలు పెట్టాక చూడండి. బజర్ ముందు సీట్ల దగ్గరకు రావాల్సిందే. ఆ వైర్ డోర్ కింద ఉండే ప్లాస్టిక్ పట్టీ లోపల నుంచి లాగుతారు. అక్కడ పసుపు స్లీవ్ ఉన్న వైర్లు కనిపిస్తే ముట్టుకోవద్దు, అవి సాధారణంగా ఎయిర్‌బ్యాగ్, సీట్ బెల్ట్ టెన్షనర్లవి.

ఇది చూడలేనివి కూడా ఉన్నాయి

అమ్మేవాళ్లు చెప్పని విషయం ఇదే. సన్నటి ఇనుప రాడ్, చైన్, తాడు లాంటి వాటికి శబ్దం సరిగ్గా తగిలి తిరిగి రాదు. ఏటవాలుగా ఉన్న వాటికి తగిలినా పక్కకు వెళ్లిపోతుంది. మెత్తటి బట్ట శబ్దాన్ని పీల్చేస్తుంది. మూత లేని డ్రైనేజీ, గుంత అయితే అసలు తెలియనే తెలియదు, అక్కడ శబ్దం తగలడానికి ఏమీ ఉండదు కదా. లారీ వెనక బయటకు పొడుచుకొచ్చిన రాడ్లు సెన్సార్ కంటే ఎత్తులో ఉంటాయి, అవీ అంతే. సెల్లార్ ర్యాంప్ మీద మాత్రం ఏమీ లేకపోయినా మోగుతుంది, ఎదురుగా లేస్తున్న నేలే దానికి గోడ.

అన్నింటికంటే ముఖ్యమైనది నేల మీద ఉన్నవాళ్లు. 2023 మే నెలలో హైదరాబాద్ హయత్‌నగర్‌లో అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో నిద్రపోతున్న మూడేళ్ల చిన్నారి మీదుగా కారు వెళ్లడంతో ప్రాణాలు పోయాయి. తల్లి పక్కనే కూలి పనికి వెళ్లి, ఎండగా ఉందని పాపను అక్కడ పడుకోబెట్టింది. అర మీటరు ఎత్తులో నేలకు సమాంతరంగా చూసే సెన్సార్‌కు, పడుకున్న పసిపాప కనిపిస్తుందన్న గ్యారెంటీ లేదు. పిల్లలు తిరిగే చోట పార్క్ చేసేవాళ్లు కెమెరా కూడా ఉన్న కిట్ తీసుకోవడమే మంచిదన్నది మా మాట. కెమెరా నేలను చూపిస్తుంది, సెన్సార్ చెవిలో చెబుతుంది. ఈ రెండూ ఉన్నా కూడా, ఎక్కేముందు బండి చుట్టూ ఒక్కసారి నడిచి చూడటానికి పైసా ఖర్చు లేదు.

ఖర్చు, ఇన్సూరెన్స్ సంగతి

మామూలు బజర్ కిట్ వెయ్యి రూపాయల లోపు కూడా దొరుకుతోంది. డిస్‌ప్లే, కెమెరా కలిస్తే రేటు పెరుగుతుంది. హైదరాబాద్‌లో లక్డీకాపూల్, విజయవాడలో ఆటోనగర్ వైపు వెళ్తే బిగించేవాళ్లు దొరుకుతారు. బిగింపు కూలి విడిగా అడుగుతారు, ముందే మాట్లాడుకోండి. కారు రంగులో వచ్చే సెన్సార్లు దొరక్కపోతే పెయింట్ వేయించవచ్చు. కానీ పల్చగా ఒక్క కోటే. మందంగా వేస్తే సెన్సార్ ముఖం కంపించదు, పనితీరు తగ్గుతుంది.

దీంతో ఆర్‌సీలో ఉన్న వివరాలేవీ మారవు. అయితే కంపెనీతో రాని వస్తువు కాబట్టి, ప్రమాదంలో సెన్సార్లు పగిలితే క్లెయిమ్ కావాలంటే పాలసీలో ఎలక్ట్రికల్ యాక్సెసరీస్ కింద చూపించి ఉండాలి. ఖరీదైన కెమెరా కిట్‌కు ఇది ఆలోచించొచ్చు. చిన్న కిట్‌కు మాత్రం అంత అవసరం లేదు.

డబ్బులిచ్చే ముందు పరీక్ష ఇలా..

ఇంజిన్ స్టార్ట్ చేయకుండా, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇగ్నిషన్ ఆన్ చేసి రివర్స్ గేర్ వేయండి. ఇంటి నుంచి ఒక ఖాళీ 20 లీటర్ల వాటర్ క్యాన్ తీసుకెళ్లండి. కూర్చున్న చిన్నపిల్లాడి ఎత్తు ఉంటుంది అది. రెండు మీటర్ల దూరం నుంచి ఒక్కో సెన్సార్ ఎదురుగా మెల్లగా దగ్గరికి జరపమనండి. నాలుగు సెన్సార్ల దగ్గరా, మధ్య ఖాళీల్లోనూ ఎంత దూరంలో బీప్ మొదలైందో టేపుతో కొలవండి. తర్వాత వెనక సీట్లలో ముగ్గురిని కూర్చోబెట్టి, ఖాళీ స్థలంలో మళ్లీ చూడండి. ఏమీ లేకుండానే మోగితే ఎత్తు లేదా వాలు తేడా ఉన్నట్టే, అక్కడికక్కడే సరిచేయించుకోవాలి.

వాడే క్రమంలో బురద పేరుకుంటే తడి గుడ్డతో తుడిస్తే చాలు. వాటర్ సర్వీసింగ్‌లో ప్రెజర్ గన్‌ను నేరుగా సెన్సార్ మీదకు పెట్టనివ్వొద్దు. ఎప్పుడైనా ఒకవైపు మోగడం ఆగిపోతే, పైన చెప్పినట్టే ఇంజిన్ ఆఫ్‌లో ఉంచి రివర్స్ గేర్ వేసి, ఒక్కో సెన్సార్ మీద వేలు ఆనించండి. పనిచేసేది సన్నగా టిక్ టిక్‌మని వేలికి తెలుస్తుంది. పోయినది మొద్దులా ఉంటుంది. దాన్నొక్కదాన్నే మార్చుకోవచ్చు, కానీ వేరే కిట్ సెన్సార్ దీనికి సరిపోకపోవచ్చు. అందుకే కొనేటప్పుడే విడి సెన్సార్ అమ్ముతారా అని షాపతన్ని అడగండి.