డబ్బాకు రెండవ రంధ్రము

కిరాణా దుకాణములో నూనె డబ్బాను తెరచు వర్తకుని ఎప్పుడైన గమనించిన వారికి ఒక చిన్న సంగతి జ్ఞాపకముండును. అతడు డబ్బా మీది రేకునకు ఒక మూలను మేకుతో రంధ్రము చేసి అంతటితో ఊరకుండడు. దానికి ఎదుటి మూలను మరియొక రంధ్రము కూడ చేయును. నూనె మొదటి రంధ్రము నుండియే వచ్చును. రెండవ దాని నుండి ఏమియు రాదు. అయినను ఆ రెండవది లేనిచో నూనె సన్నని ధారగా పడక, ఆగి ఆగి, ఒక్కసారిగా ఉబికి, పాత్ర అంచు దాటి క్రింద పడును.

దీనికి కారణము గాలి. డబ్బా నుండి ద్రవము బయటికి వచ్చిన కొలది లోపల ఖాళీ పెరుగును. ఆ ఖాళీలోని గాలి పలుచనై దాని ఒత్తిడి తగ్గును. బయటి గాలి ఒత్తిడి తగ్గదు గనుక అది మూతికడ ద్రవమును లోనికి నెట్టి ధారను ఆపును. అంతలో ఒక గాలి బుడగ ఆ మూతి గుండనే లోనికి దూరును. మరల ధార వచ్చును. ఇరుకుమూతి సీసాను నీళ్లతో నింపి బోర్లించినపుడు వినవచ్చు గుడగుడ శబ్దము ఈ పెనుగులాటయే. గాలికి వేరొక దారి చూపినచో పెనుగులాట ఉండదు.

నూనె ఒలికినచో గుడ్డతో తుడువవచ్చును. పెట్రోలు అట్టిది కాదు. నేడు పల్లెలలో మందు చల్లు యంత్రములు, గడ్డి కోయు యంత్రములు, చిన్న నీటి ఇంజనులు, పెండ్లి పందిళ్లకు వెలుగునిచ్చు జనరేటర్లు అనేకము పెట్రోలుతో నడచుచున్నవి. వాని తొట్లు చిన్నవి, మూతులు ఇరుకైనవి. ఇరువది లీటర్ల పెట్రోలు సుమారు పదునైదు కిలోల బరువుండును. ఆ బరువును చేతులతో వంచి పట్టుకొని చిన్న మూతిలోనికి పోయుచున్నపుడు డబ్బా ఒక్కసారి గుడగుడలాడిన చాలును. పెట్రోలు యంత్రముపై చిందును. అప్పుడే ఆపిన ఇంజనుకు ప్రక్కనే కాగియున్న సైలెన్సరు ఉండును.

నిజమునకు మండునది పెట్రోలు కాదు, దాని ఆవిరి. కిరసనాయిలు సాధారణముగా 35 డిగ్రీలకు పైగా వేడెక్కిన గాని నిప్పు తగిలి మండుటకు చాలినంత ఆవిరిని ఈయదు. పెట్రోలో, సున్నకు దిగువ 40 డిగ్రీల చలిలో సైతము అట్టి ఆవిరిని ఇచ్చును. ఇంక మన వేసవి మాట చెప్పనేల? ఆ ఆవిరి కంటికి కనబడదు. గాలికంటె మూడు నాలుగు రెట్లు బరువైనది గనుక పైకి పోక నేల వెంబడి ప్రాకి, పల్లపు చోట్ల నిలుచును. ఇంటి వెనుక పెట్రోలు పోయుచుండగా కొన్ని గజముల దూరమున నున్న పొయ్యి దానిని అంటించుట ఇందువలననే. గాలిలో నూటికి సుమారు ఒకటిన్నర పాలు మొదలు ఏడున్నర పాళ్ల వరకు ఈ ఆవిరి కలసియున్నపుడే అది అంటుకొనును. అంతకు తక్కువైనను ఎక్కువైనను అంటుకొనదు. ఈ లెక్క విచిత్రముగ తోచును గాని దీని ప్రయోజనము తరువాత తెలియును.

మంచి డబ్బా యేదో, చెడ్డ డబ్బా యేదో లోకమునకు తెలియజేసినది ఒక యుద్ధము. 1940 మొదలు ఉత్తర ఆఫ్రికా ఎడారిలో పోరాడిన బ్రిటిషు సైన్యము తన పెట్రోలును నాలుగు గ్యాలనుల, అనగా సుమారు 18 లీటర్ల, చదరపు రేకు డబ్బాలలో మోసికొని పోయెను. ఆ డబ్బా తెలుగువారికి క్రొత్తది కాదు. కిరసనాయిలు వచ్చిన అట్టి డబ్బాలనే మన యిండ్లలో నీళ్లు మోయుటకు, బియ్యము పోసికొనుటకు, చివరకు రేకులు విప్పి దడికి కప్పుటకు వాడినారు. ఇంటిలో అంతగా ఉపయోగపడిన ఆ వస్తువు ఎడారిలో పనికిరాకపోయెను. లారీల కుదుపులకు పలుచని రేకు అతుకులు విడిపోయెను. బయలుదేరిన పెట్రోలులో నూటికి ముప్పది పాళ్లు గమ్యము చేరకముందే నష్టమగుచున్నదని సైన్యాధికారులే అంచనా వేసిరి. కారిన పెట్రోలు వలన లారీలు తగులబడుటయు కలదు.

ఎదుటి పక్షమగు జర్మనుల యొద్ద వేరొక డబ్బా ఉండెను. ముల్లర్ అను కర్మాగారపు ఇంజనీరు విన్‌ట్సెంట్స్ గ్రూన్‌ఫోగెల్ 1937లో దానిని రూపొందించెను. అది ఇరువది లీటర్లు పట్టును. రెండు ఉక్కు రేకులను అచ్చులో నొక్కి, అంచునకు అంచు చేర్చి కరగించి అతికినందున కారుటకు సందు లేదు. ప్రక్కలయందు అడ్డముగ నొక్కిన గాడులు ఎండకు పెట్రోలు వ్యాకోచించినపుడు రేకు కొంచెము ఉబ్బుటకు వీలిచ్చును. పైన ఒకటి కాదు, మూడు పిడులు. నిండు డబ్బాను ఒకడు నడిమి పిడితో మోయును. ఇద్దరైనచో చెరియొక ప్రక్క పిడి పట్టుదురు. ఖాళీ డబ్బాలైనచో ఒక్క చేతితో రెండింటిని కలిపి పట్టవచ్చును. మూత మరతో తిప్పునది కాదు, మీటను నొక్కిన బిగియునది. దానికి రబ్బరు వాషరు కలదు. అన్నిటికంటె మేలైనది లోపల కనబడకుండ నున్నది. మూతి నుండి పిడుల క్రింది ఖాళీ వరకు ఒక సన్నని గొట్టమున్నది. డబ్బాను వంచినపుడు గాలి ఆ గొట్టము గుండ లోనికి పోవును. పెట్రోలు నిలుకడగా బయటికి వచ్చును. మన వర్తకుని రెండవ రంధ్రమే అది!

1939లో పాల్ ప్లీస్ అను అమెరికా ఇంజనీరు తన జర్మను సహోద్యోగితో బెర్లిను నుండి భారతదేశమునకు మోటారు బండిలో బయలుదేరెను. దారిలో త్రాగునీటికై వారు అట్టి డబ్బాలు మూడింటిని వెంట తెచ్చుకొనిరి. సహోద్యోగి నడుమనే జర్మనీకి పిలిపింపబడగా ప్లీస్ ఒక్కడే కలకత్తా చేరెను. స్వదేశమునకు పోయి ఆ డబ్బా గొప్పతనమును చెప్పినను సైన్యము వారు మొదట చెవిని బెట్టలేదు. తరువాత తయారుచేసిరి గాని, ఆకారమును పిడులను మాత్రము ఉంచి, కరగించిన అతుకునకు మారుగా మడత అతుకును, మీటకు మారుగా మరమూతను పెట్టిరి. దానితో డబ్బా కారసాగెను. తెరచుటకు స్పానరు, పోయుటకు గరాటు కావలసివచ్చెను. బ్రిటిషువారు అట్టి తెలివికి పోక ఉన్నదానిని ఉన్నట్లే అనుకరించిరి. జర్మనులను బ్రిటిషు సైనికులు జెర్రీలని పిలిచెడివారు. అందుచేత దానికి జెర్రీ క్యాను అను పేరు నిలిచెను.

డబ్బా మూతికి తగిలించు ముక్కుగొట్టము విషయమున నేటికిని వాదము తీరలేదు. అమెరికాలో 2009 నుండి ఆవిరి గాలిలో కలియకుండుటకై దానంతట అదియే మూసికొను గొట్టములు వచ్చినవి. ఉద్దేశము మంచిదే. కాని వానిలో కొన్ని నొక్కుటకు మిక్కిలి గట్టివి. గాలికి వేరుదారి లేనివి. ఆపదను తప్పింపవలసిన గొట్టముతోనే పెట్రోలు చిందుచుండగా, విసిగిన వారు దానిని తీసివైచి వట్టి మూతితోనే పోయుటకు దిగిరి. వాడువాని చేతికి లొంగని సాధనము ఎంత సురక్షితమైనదైనను వ్యర్థమే.

2020 నాటి అమెరికా చట్టము మూతిలో జ్వాలను ఆపు జల్లెడ వంటి సాధనము ఉండవలెనని విధించినది. దీని మూలసూత్రము హంఫ్రీ డేవీ 1815లో బొగ్గు గనుల దీపమునకు చేసినదే: సన్నని లోహపు వల జ్వాలలోని వేడిని పీల్చుకొనును గనుక నిప్పు వల దాటి ఆవల నున్న ఆవిరిని చేరజాలదు.

మన యూళ్లలో తరచుగ కనబడునది ఈ డబ్బాలేవియు కాదు, నీళ్ల సీసా. దాని మూత పెట్రోలు ఆవిరిని అదుపు చేయుటకు చేసినది కాదు. ఎండలో సీసా ఉబ్బును. పైగా దాహముతో వచ్చిన పిల్లవాడు దానిని నీరనుకొనును. 1934 నాటి పెట్రోలియము చట్టము లైసెన్సు లేక ఉంచుకొను పెట్రోలు 30 లీటర్లు దాటరాదనియు, గట్టి బిరడా గల పాత్రలో ఉండవలెననియు, గాజు పాత్రయైనచో ఒక లీటరును, లోహపు పాత్రయైనచో 25 లీటర్లను మించరాదనియు చెప్పినది. చిన్న యంత్రమునకు ఐదు లీటర్ల క్యానే చాలును. దానిని వంచుట సులభము. కొనునపుడు గాలిదారి యున్నదా, వాషరు మెత్తగా నున్నదా అని చూచుట మేలు.

క్యానును నింపునపుడు బండి మీద గాక నేలపై పెట్టవలెను. ప్రవహించు పెట్రోలు వలన విద్యుదావేశము పుట్టును. ప్లాస్టికుపై నున్న డబ్బా నుండి అది భూమిలోనికి పోలేక నిప్పురవ్వగా దూకవచ్చును. అంచు వరకు నింపరాదు. ఇరువది లీటర్ల పెట్రోలు 20 డిగ్రీలు వేడెక్కినచో సుమారు 400 మిల్లీలీటర్లు పెరుగును. ఆ పెరుగుదలకు చోటు కావలెను. ఇంజనును ఆపి, చల్లారిన పిదప పోయవలెను. కొందరు క్యానులో రబ్బరు గొట్టము పెట్టి నోటితో పీల్తురు. ఇది మిక్కిలి ప్రమాదము. కొలది పెట్రోలు పొరపాటున ఊపిరితిత్తులలోనికి పోయినను ప్రాణాపాయము కలుగవచ్చును.

ఇక ఖాళీ డబ్బా. నిండు డబ్బాలో ఆవిరి మితిమీరి యుండుట చేత లోపల అంటుకొనదు. అడుగున రెండు చుక్కలు మిగిలి, మూత తెరచి విడిచిన డబ్బాలో ఆవిరియు గాలియు ముందు చెప్పిన పాళ్లలో కలియును. అందుచేత అది నిండుదాని కంటె భయంకరమైనది. చిల్లుపడిన పాత డబ్బాను అతికింపుమని తెచ్చిన వానిని, అనుభవముగల వెల్డింగు పనివాడు మంటను వెలిగింపక ముందే, ఇందులో ఏమి పోసితివని అడుగును.