తిననివాళ్ళనూ అడగాలి

భోజనాలైన రాత్రి నలుగురికి వాంతులు పట్టుకుంటే ఊరంతా ముందు అనే మాట: ‘చేపల కూరే!’ ఆరోగ్యశాఖ వాళ్ళు అంత తొందరగా తేల్చరు. ఏం తిన్నారని రోగుల్ని అడిగాక, బాగున్నవాళ్ళనూ అదే ప్రశ్న అడుగుతారు. శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు తీరం నుంచి బాల్కన్ దేశాల దాకా అలా ఆరా తీసిన విశేషాలు కొన్ని.

గంటలు లెక్కపెడితే...
తిన్న గంట నుంచి ఆరు గంటల్లోపే వాంతులైతే స్టెఫిలోకాకస్ విషం మీద అనుమానం. పన్నెండు గంటల నుంచి రోజున్నరకు జ్వరం, విరేచనాలు పట్టుకుంటే సాల్మొనెల్లా మీద. అంటే మధ్యాహ్నం పెళ్ళి భోజనానికి పడ్డ నింద, నిజానికి ముందురోజు రాత్రి తిన్నదానిది కావచ్చు.

దొరికిపోయిన ఐస్‌క్రీమ్
1940 ఏప్రిల్‌లో అమెరికాలోని ఆస్వీగో కౌంటీలో చర్చి విందు తిన్న 75 మందిని విచారిస్తే 46 మంది జబ్బుపడ్డారని తేలింది. వెనిల్లా ఐస్‌క్రీమ్ తిన్న 54 మందిలో 43 మంది పడకేశారు. తినని 21 మందిలో ముగ్గురే. ఆ 21 మందిని అడగకపోతే మొదటి లెక్కకు విలువే లేదు. ఈ పట్టికను ఈనాటికీ వైద్య విద్యార్థులకు పాఠంగా చెబుతారు.

వేయించినా పోని విషం
వజ్రపుకొత్తూరు తీరంలోని మంచినీళ్ళపేట, నువ్వలరేవు వంటి ఊళ్ళలో వేట ముగించుకుని తెప్ప ఒడ్డుకు చేరాక, కానాగంతలను మంచులో పెట్టకుండా ఎండకు వదిలేస్తే బ్యాక్టీరియా వాటి కండలో హిస్టమిన్ తయారుచేస్తుంది. తిన్న కాసేపటికే మొహం ఎర్రబడుతుంది, తలనొప్పి, దురద మొదలవుతాయి. చాలామంది ‘నాకు చేప పడదు’ అనుకుంటారు. పడనిది చేప కాదు, ఎండలో గడిచిన ఆ గంటలు. ఉడికించినా, వేయించినా హిస్టమిన్ పోదు.

జీడిపప్పుతో దద్దుర్లు
పిక్క తొక్కలోని నూనె చర్మాన్ని ఎలా తినేస్తుందో పలాస జీడి కార్మికులకు ఒకరు చెప్పక్కర్లేదు. 1982లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో 50 మందికి పైగా ఒంటినిండా దద్దుర్లు వచ్చాయి. ఆరా తీస్తే, వాళ్ళంతా పిల్లల బేస్‌బాల్ సంఘం విరాళాల కోసం అమ్మిన జీడిపప్పు తిన్నారు. మొజాంబిక్ నుంచి వచ్చిన ఆ పొట్లాల్లో కొన్నిటిలో తొక్క ముక్కలు కలిసిపోయాయి.

కలవడం కాదు, పోవడం
సర్కారు జిల్లాల్లో బెరిబెరి ఎక్కువని మద్రాసు సైన్య వైద్యుడు మాల్కంసన్ 1835లోనే రాశాడు. అన్నంలో ఏదో విషం ఉందనుకున్నారు. తీరా చూస్తే, మర పట్టిన బియ్యంలో తవుడుతోపాటు బి1 విటమిన్ పోవడమే కారణం. ఆ జబ్బుపై వైద్యుడు మెకారిసన్ 1918లో కూనూరులో మొదలుపెట్టిన పరిశోధనాలయమే 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. నేటి జాతీయ పోషకాహార సంస్థ అదే.

గోధుమల్లో కలుపు
బాల్కన్ దేశాల్లో డాన్యూబ్ ఉపనదుల వెంట ఊళ్ళలో రైతుల కిడ్నీలు పాడవుతున్నాయని 1950లలో గుర్తించారు. అరిస్టొలోకియా అనే కలుపు మొక్క గింజలు గోధుమల్లో పడి, పిండిలో కలిసి, రొట్టెలోకి చేరుతున్నాయని బలమైన రుజువు దొరికేసరికి 2007 వచ్చింది.

ఏలూరు చిక్కుముడి
2020 డిసెంబరులో ఏలూరులో 600 మందికి పైగా ఉన్నట్టుండి మూర్ఛలతో ఆసుపత్రికి చేరారు. ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. అనుమానం పురుగుమందుల మీదకూ మళ్ళింది. మునిసిపల్ నీళ్ళే కారణమందామంటే, అవి తాగనివాళ్ళూ జబ్బుపడ్డారు.

ఇంకా తేలని కేసు
ఉద్దానంలో షుగరు, బీపీ లేనివాళ్ళకూ కిడ్నీలు పాడవుతున్నాయి. కవిటి నుంచి వజ్రపుకొత్తూరు దాకా ఏడు మండలాల్లో ఇదే బాధ. నీళ్ళలోని సిలికా, భారలోహాలు, పురుగుమందులు, ఎండలో చాకిరీ అన్నిటినీ అనుమానించారు, ఏ ఒక్కటీ రుజువు కాలేదు. ఒకే నీళ్ళు తాగిన ఊళ్ళో ఒకరికి వచ్చి ఒకరికి ఎందుకు రాలేదన్నదే చిక్కు. అందుకే ఇక్కడి సర్వేల్లో ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ రక్తం కూడా తీసుకుంటారు. జవాబు కోసం ఆగకుండా హిరమండలం నుంచి పైపుల్లో మంచినీళ్ళు తెచ్చే 700 కోట్ల పథకాన్ని, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రిని 2023 డిసెంబరులో ప్రారంభించారు.

మూడు ఫారాలు
2004లో మొదలైన వ్యాధి నిఘా కార్యక్రమంలో ఏఎన్ఎం లక్షణాలు చూసి ‘ఎస్’ ఫారం, డాక్టరు అనుమానాన్ని బట్టి ‘పి’ ఫారం, ల్యాబ్ నిర్ధారించి ‘ఎల్’ ఫారం నింపేవారు. ఇప్పుడివన్నీ ఆన్‌లైన్‌లోనే. ఒక ఊళ్ళో ఉన్నట్టుండి అంకె పెరిగితే జిల్లా అధికారులకు కబురు అందుతుంది.

గిన్నె కడగొద్దు
వాంతులు మొదలవగానే మనం చేసే మొదటి పని మిగిలిన కూర పారబోసి గిన్నె తోమేయడం. దాంతో ల్యాబ్‌కు పంపడానికేమీ మిగలదు. కొంచెం శుభ్రమైన డబ్బాలో వేసి, ‘తినొద్దు’ అని రాసి ఫ్రిజ్‌లో పెట్టండి. ఆశా కార్యకర్తకు కబురు చేయండి. ఆ పూట పస్తున్నవాళ్ళ పేర్లూ చెప్పండి.