గల్ఫ్‌లో కుండీకి ఏ చెర్రీ టమాట మంచిది?

డ్యూటీ వల్ల ఎపిసోడ్ వినే తీరిక లేనోళ్ల కోసం ఈ వారం ముచ్చటను ఇక్కడ రాసి పెడుతున్నాం.

ప్రశ్న చిన్నదే: సలాడ్‌లోకి చెర్రీ టమాట పెంచుకోవాలంటే ఏ రకం విత్తనం కొనాలి? కానీ గల్ఫ్‌లో మనకు దొరికేది ఏడాదికి ఒక్క సీజనే. సెప్టెంబర్‌లో నీడ పట్టున నారు పోసి, అక్టోబర్‌లో కుండీలోకి మారిస్తే డిసెంబర్ నుంచి కాయలు తినొచ్చు. మే వచ్చిందంటే కథ అయిపోయినట్టే. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా వేడి తగ్గకపోతే పుప్పొడి దెబ్బతిని పూత రాలిపోతుంది. మొక్క పచ్చగానే ఉంటది, కాయ మాత్రం నిలవదు. రకం తప్పితే మళ్లీ వచ్చే ఏడాదే. అందుకే ప్యాకెట్ మీద కాయ బొమ్మ చూసి మురిసిపోకండి. మొక్క ఎంత ఎత్తు పెరుగుతుంది, ఎన్ని రోజులకు కాస్తుంది అనేది చూడండి.

ప్యాకెట్ మీద ఏం చదవాలి?

'డిటర్మినేట్' లేదా 'బుష్' అని ఉంటే మొక్క కొంత ఎత్తుకు వచ్చి ఆగిపోతుంది, కాయలు చాలావరకు కొన్ని వారాల్లోనే వస్తాయి. 'ఇన్‌డిటర్మినేట్' అంటే తీగలా పెరుగుతూనే ఉంటుంది. ఆరడుగులు దాటుతుంది కాబట్టి కర్రో తాడో కట్టాలి, 20 లీటర్ల కుండీ అయినా ఉండాలి. 'డ్వార్ఫ్' అంటే పొట్టి రకం.

క్యాంపులో, బాల్కనీలో ఉండేవాళ్లకు

టైనీ టిమ్, రెడ్ రాబిన్ అనే పొట్టి రకాలు సరిపోతాయి. టైనీ టిమ్‌ను అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ యూనివర్సిటీ 1945లో విడుదల చేసింది. అడుగు, అడుగున్నర ఎత్తులోనే కాస్తుంది. రెడ్ రాబిన్ ఇంకా పొట్టి. అడుగున రంధ్రాలు పెట్టిన ఐదు లీటర్ల డబ్బా చాలు. తీపి మరీ ఎక్కువ ఉండదు గానీ ఉల్లిగడ్డ, కీర, నిమ్మరసంతో కలిపితే బాగుంటుంది.

మైక్రో టామ్ అని ఇంకోటి దొరుకుతుంది. జానెడు మొక్క. ముఖ్యంగా అందం కోసం తయారు చేసిన రకం. నలుగురి గదికి సలాడ్ కావాలంటే దాని మీద ఆధారపడొద్దు.

మేడ మీద చోటు ఉన్నవాళ్లకు

సన్‌గోల్డ్ జపాన్ కంపెనీ టొకిటా తెచ్చిన హైబ్రిడ్. నారింజ రంగు కాయ, చాలా తీపి. తోలు పలచన, అందుకే ఒకరోజు ఎండబెట్టి మర్నాడు నిండా నీళ్లు పోస్తే పగులుతుంది. స్వీట్ 100 గుత్తులు గుత్తులుగా కాస్తుంది, దానిదీ పగిలే గుణమే. ఈ రెండూ తీగ రకాలు.

పొద్దున్నే డబ్బా కట్టుకుని సైట్‌కు పోయేవాళ్లకు గ్రేప్ టమాట నయం. తోలు మందం, రసం తక్కువ. కోయకుండా అట్లనే వేసుకుంటే మధ్యాహ్నానికి డబ్బాలో నీళ్లు ఊరవు.

సూపర్ మార్కెట్ కాయలోని గింజలు వేయొచ్చా?

మొలుస్తాయి. కానీ అందులో చాలావరకు ఎఫ్1 హైబ్రిడ్ కాయలే. వాటి గింజల నుంచి తల్లి మొక్కలాంటిదే వస్తుందన్న నమ్మకం లేదు. పైగా అవి ఎక్కువగా గ్రీన్‌హౌస్‌లో పెంచే పొడుగు రకాలు. ఉన్నది ఒక్క సీజన్ కాబట్టి ప్యాకెట్ కొనడమే మేలు. ఊరి నుంచి విత్తనాలు తెచ్చుకునే ముందు మాత్రం ఆ దేశం నిబంధనలు చూసుకోండి.

సెలవు కూడా లెక్కలోకి తీసుకోండి

పొట్టి రకం నాటిన రెండు నెలలకు కాయలు మొదలవుతాయి. ఫిబ్రవరిలో ఊరికి పోయేవాళ్లకు అదే మంచిది, పోయేలోపు చాలావరకు తినేయొచ్చు. తీగ రకం ఎండలు ముదిరేదాకా కాస్తూనే ఉంటది కాబట్టి మీరు లేనప్పుడు నీళ్లు పోసే రూమ్మేట్ ఉండాలి.

కుండీకి రోజుకు ఆరు గంటల ఎండ తగలాలి. పూత వచ్చాక కొమ్మను వేలితో మెల్లగా తట్టండి, గాలి ఆడని బాల్కనీలో కాయ పట్టడానికి అది సాయపడుతుంది. క్యాంప్ బాస్‌ను ముందే అడగండి. నడిచే దారిలో, మెట్ల మీద, కరెంటు వైర్ల దగ్గర కుండీ పెట్టొద్దు.

మొదటిసారి వేసేవాళ్లు రెండు డబ్బాల్లో రెడ్ రాబిన్‌తో మొదలుపెట్టండి. చోటు, నీళ్లు పోసే మనిషి కుదిరితే వచ్చే ఏడాది సన్‌గోల్డ్ సంగతి చూద్దాం.