సామాన్యునికి విమానయానం

రైలులో రాత్రంతా సాగే ప్రయాణాన్ని విమానం గంటలో ముగిస్తుంది. చాలాకాలం పెద్ద నగరాలకే పరిమితమైన ఈ సౌకర్యాన్ని చిన్న పట్టణాలకు విస్తరింపజేయుటకు కేంద్ర ప్రభుత్వం 2016లో ‘ఉడాన్’ పథకాన్ని ప్రకటించింది. 2017 ఏప్రిల్ 27న సిమ్లా-ఢిల్లీ, కడప-హైదరాబాదు, నాందేడ్-హైదరాబాదు మార్గాలలో తొలి సర్వీసులు ఆరంభమైనాయి.

నాడు గంట ప్రయాణానికి, అనగా సుమారు 500 కిలోమీటర్లకు, గరిష్ఠ ఛార్జీ 2,500 రూపాయలుగా నిర్ణయించారు. అయితే ఈ పరిమితి దాదాపు సగం సీట్లకే వర్తించింది. తక్కిన సీట్ల ధర గిరాకీని బట్టి పెరుగుతుంది. కనుక ప్రయాణం నిశ్చయమైన వెంటనే టికెట్టు కొనుట లాభదాయకం.

విమాన సంస్థలకు పథకం కింద లభించే ఆర్థిక సహాయం నిర్ణీత కాలానికే పరిమితం. 2023 నాటి కాగ్ నివేదిక ప్రకారం, ఆరంభమైన 371 మార్గాలలో మూడేళ్ళ గడువు పూర్తిచేసినవి 112 మాత్రమే. అందువల్ల తాము కోరిన మార్గంలో సర్వీసు కొనసాగుతున్నదీ లేనిదీ ప్రయాణికులు ముందుగా విచారించుకోవాలి.

టికెట్టుపై పేరు గుర్తింపు పత్రంలోని పేరుతో సరిపోవాలి. ఒకరి టికెట్టుపై మరొకరు ప్రయాణించరాదు. సామాను అప్పగించే కౌంటరును సాధారణంగా విమానం బయలుదేరే వేళకు గంట ముందే మూసివేస్తారు. పవర్ బ్యాంకును చేతిసంచిలోనే ఉంచుకోవాలి. కత్తులను అందులో ఉంచరాదు.

సంస్థ సర్వీసును రద్దుచేస్తే, మరో విమానాన్నో, చెల్లించిన సొమ్మునో కోరే హక్కు ప్రయాణికునికి ఉన్నది. చౌక ఛార్జీతో పాటు ఈ నియమాల పరిజ్ఞానం కూడ తోడైనప్పుడే విమానయానం సామాన్యునికి నిజంగా అందుబాటులోకి వస్తుంది.