ఎండా పడదు, చలీ పడదు
మే నెలలో మా బాన్సువాడ బస్టాండు దాకా నడిస్తే చాలు, నా మెడ మీద ఎర్రటి దద్దుర్లు లేస్తాయి. డిసెంబరులో నిజాంసాగర్ కాలువ గట్టున చలిగాలి తగిలినా అదే తంతు. చర్మంలో, పేగుల్లో ఉండే మాస్ట్ కణాలు రెచ్చిపోయి హిస్టమిన్ వదులుతాయి. రక్తనాళాలు వెడల్పై దురద, వాపు, కళ్లు తిరగడం. ఈ కణాలను వైద్య విద్యార్థిగా ఉండగానే పాల్ ఎర్లిక్ 1878లో వర్ణించాడు. మా వాడకట్టులో మాత్రం ఇప్పటికీ "వేడి చేసింది, సల్ల తాగు బిడ్డా" అనే అంటారు. సల్ల మంచిదే, దద్దుర్లే దాని మాట వినవు.

డాక్టరు రాసిన యాంటీహిస్టమిన్ మాత్ర రోజూ వేసుకుంటాను. కూలర్ ముందు నుంచి లేచి నేరుగా ఎండలోకి పోను, వరండాలో కాసేపు ఆగుతాను. స్నానం గోరువెచ్చని నీళ్లతోనే. ఏం తిన్నానో, ఎప్పుడు దద్దు లేచిందో క్యాలెండరు గడుల్లో రాస్తాను. గొంతు బిగిసినా, ఊపిరి ఆడకపోయినా మాత్రతో ఆగకూడదు, వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి. అప్పుడు మొదట పడాల్సింది తొడకు అడ్రినలిన్ సూది.