బాగేపల్లి గ్రామసభలు

కర్ణాటకమున చిక్కబళ్ళాపురము జిల్లాకుఁ జేరిన బాగేపల్లి ప్రాంతమున పెక్కిండ్ల భాష తెనుఁగు, కచేరి భాష కన్నడము. వానలు తక్కువ, భూగర్భజలమున ఫ్లోరైడు ఎక్కువ. ఇట్టిచోట త్రాగునీరు, బడి, బాట మొదలగు వానిని గూర్చిన కష్టములను ప్రజలు నోరారఁ జెప్పుకొనుటకు శాసనము కల్పించిన వేదిక గ్రామసభ. 1993 నాటి కర్ణాటక పంచాయతీరాజ్ చట్టము ననుసరించి, ఓటరుల జాబితాలో పేరున్న ప్రతివారును దీనిలో సభ్యులే. పంచాయతీ జమాఖర్చులను చూపుమని యడుగుటకును, ప్రభుత్వ పథకముల లబ్ధిదారుల నెంచుటకును వారి కధికారము కలదు.

బడి సంగతులకు వేఱొక సమితి యున్నది. 2001లో కర్ణాటక ప్రభుత్వము సర్కారు బడులకు ఎస్.డి.ఎం.సి. యను పాఠశాలాభివృద్ధి, పర్యవేక్షణ సమితుల నేర్పఱచెను. 2009 నాటి విద్యాహక్కు చట్టము అట్టి సమితులలో నాల్గింట మూడువంతులు తల్లిదండ్రులో సంరక్షకులో, మొత్తముమీఁద సగము స్త్రీలు నుండవలెనని విధించినది. బాలబాలికలు తమ లోట్లను పంచాయతీ పెద్దల యెదుటనే నిలిచి విన్నవించుటకు ‘మక్కళ గ్రామసభ’లును జరుగుచున్నవి.

అయినను, కోరము నిండినంతమాత్రమున సభ సఫలము కాదు. తెనుఁగునఁ బలికిన మొఱ కన్నడమునఁ దీర్మానముగా నెక్కినదో లేదో చదివించుకొని విన్న పిదపనే సభనుండి లేచుట ప్రతి పౌరునకును విధి.