వేషము మార్చిన కలరా క్రిమి

మానవులయందువలెనే సూక్ష్మజీవులయందును వంశములు, శాఖలు గలవు. ఒకే పేరుగల క్రిములలో కొన్ని ప్రాణాంతకములు, కొన్ని స్వల్పబాధాకరములు. కావున రోగము పొడసూపినపుడు క్రిమి యేదియో తెలిసినంత చాలదు. అది యే తెగకు జెందినదియో నిర్ణయింపవలెను. ఈ నిర్ణయ మెంత కష్టసాధ్యమో కలరా చరిత్రమువలన సోదరీమణులకు దెలుప నెంచితిమి.

1884వ సంవత్సరమున కలకత్తాయందు రాబర్టు కాక్ పండితుడు కలరా క్రిమిని శుద్ధముగా వేరుపరచి చూపెను. ఈ క్రిమికి బైపొర యొకటి గలదు. అందలి చక్కెరజాతి పదార్థముల యమరికనుబట్టి శాస్త్రజ్ఞులు తెగలను విభజించి, వానికి సంఖ్యల నిచ్చిరి. ఒక తెగకు విరోధముగా సిద్ధపరచిన సీరమునందు క్రిములను గలిపినపుడు, అవి విరిగిన పాలవలె ముద్దలు గట్టినచో నా తెగవేయని నిశ్చయింతురు. 1992వ సంవత్సరమునాటికి 138 తెగలు తెలిసియుండెను. వానిలో మహామారియై వ్యాపించునది మొదటి తెగ యొక్కటియే యని తలచుచుండిరి.

ఆ సంవత్సరాంతమున చెన్నపురియందు కలరా చెలరేగెను. లక్షణము లన్నియు కలరావే. క్రిమియు కలరా క్రిమియే. కాని 138 సీరములలో నొకదానితోనైన నది ముద్ద గట్టలేదు! కొలది మాసములలోనే కలకత్తాకును, బంగ్లాదేశమునకును బ్రాకెను. పూర్వపు కలరావలన నిరోధశక్తి గడించిన పెద్దవారును దీనివాత బడిరి. దీనికి 139వ తెగయని పేరిడిరి.

ఇది క్రొత్తగా బుట్టిన వంశమా? కాదు. వంశలక్షణములను మోయు జన్యువులను బరిశీలింపగా, 1961వ సంవత్సరమున ఇండోనేషియాయందు బయలుదేరి లోకమెల్ల వ్యాపించిన ఎల్ టార్ కలరా సంతతియే యని తేలెను. క్రిములు ఇతర క్రిములనుండి జన్యువులను గ్రహింపగలవు. ఇందును పైపొరను నిర్మించు జన్యువులు తొలగి, వాని స్థానమున నన్యజన్యువులు చేరినవి. దత్తు పోయిన బాలునికి ఇంటిపేరు మారును గాని జన్మనిచ్చిన వంశము మారునా?

కావున సీరముపరీక్ష వేషమును దెలుపును. జన్యుపరీక్ష వంశమును దెలుపును. మన శరీరము గుర్తించునది యా వేషమునే గనుక టీకాలకు మొదటిదియు, రోగ మెచ్చటినుండి వచ్చినదో యెఱుగుటకు రెండవదియు నావశ్యకములు. తరువాతి కాలమున 139వ తెగ క్షీణించి, మొదటి తెగయే మరల ప్రబలినది.

క్రిమి యెన్ని వేషములు మార్చినను, అది యింట బ్రవేశించు మార్గము మారలేదు: కలుషితమైన నీరు, ఆహారము, అశుభ్రమైన చేతులు. నీటిని మరగించి త్రాగుట మఱువరాదు. విరేచనములు ప్రారంభమైనచో లీటరు శుభ్రోదకమున ఆఱు సమతలపు చిన్నచెంచాల పంచదారయు, అర చిన్నచెంచా ఉప్పును గలిపి తఱచుగా ద్రావించుచు, తత్క్షణమే వైద్యుని జేరవలెనని మా మనవి.